110 గ్రాముల కావ్యం

విమర్శకులు కోడిగుడ్డు మీద ఈకలు పీకుతారని తెలుగునాట పాత నింద. ఆ నింద నెత్తిన వేసుకునే మొదలుపెడుతున్నాను, ఎందుకంటే ఇది నిజంగానే కోడిగుడ్డు సంగతి. ఇంకా సూటిగా చెప్పాలంటే గుడ్డు సంగతి కూడా కాదు, అది పుట్టడానికి ముందురోజు తొట్టిలో పోసిన మేత సంగతి. పులస మీద పేజీలకు పేజీలు రాసుకున్నాం. పూతరేకుని పొగిడాం, కొల్లేటి కొర్రమీనుని పొగిడాం. రోజూ తెల్లవారేసరికి గోదావరి జిల్లాల షెడ్లలో లక్షల కోళ్లు ముక్కు పెట్టే ఆ పొడి మేతను రుచి ఎరిగిన కళ్లతో చూసినవాళ్లు మాత్రం నాకు పెద్దగా కనబడలేదు. చూడాల్సింది అందులో బోలెడుంది.

ఏలూరు దాటి జాతీయ రహదారి మీద తాడేపల్లిగూడెం వైపు వెళ్తుంటే గుండుగొలను, భీమడోలు, పూళ్ల, కైకరం, ఉంగుటూరు, బాదంపూడి. కుడిచేతివైపు నేల పల్లమవుతూ వరిచేలు, చేపల చెరువులు, ఆ వెనక కొల్లేరు. ఎడమచేతివైపు నేల మెల్లగా లేచి ద్వారకా తిరుమల, కామవరపుకోట, జంగారెడ్డిగూడెం మెట్టలో కలుస్తుంది. కోళ్ల ఫారాలు ఈ ప్రాంతంలో వేళ్లూనుకోవడం ఉత్తపుణ్యానికి జరగలేదు. మెట్ట నుంచి మొక్కజొన్న, డెల్టా మిల్లుల నుంచి నూక, తవుడు, కొల్లేటి లంకల నుంచి ఎండు చేప, సముద్రం ఒడ్డు నుంచి గుల్ల. నాలుగు దిక్కుల నుంచి సరుకులు వచ్చి కలిసే చోటు ఇది. తణుకు గుడ్డు అని బెంగాల్లో, ఒడిశాలో, అస్సాంలో పేరుపడిన గుడ్డుకు ఈ నేల వాలే మొదటి కారణం.

షెడ్డు పక్కన మేత గది ఉంటుంది. రోడ్డు మీద పోయేవాళ్లు ఫారం అనగానే పెంట వాసనే తలుచుకుని కారు అద్దాలు ఎత్తేస్తారు గానీ, మేత గది వాసన పూర్తిగా వేరు. అప్పుడే ఆడించిన మొక్కజొన్న తియ్యటి వాసన ముందు తగులుతుంది. దాని వెనక సోయా చెక్క వేపుడు వాసన. ఆ రెండింటి అడుగున ఎక్కడో ఉప్పు ఉప్పుగా ఎండు చేప. మిక్సర్ తిరుగుతున్నంతసేపూ ఈ వాసనలు విడివిడిగా ఉండి, ఆగేసరికి ఒకటైపోతాయి. రసం ఎలా పుడుతుందో చెప్పాల్సి వచ్చినప్పుడు భరతుడు వంటింటినే ఉదాహరణగా తెచ్చుకున్నాడు: రకరకాల ద్రవ్యాలు కలిస్తే వాటిలో దేనిలోనూ విడిగా లేని రుచి పుడుతుందని. ఆ మాట నాట్యశాస్త్రానికి ఎంత వర్తిస్తుందో లేయర్ కోడి మేతకూ అంతే వర్తిస్తుంది. ఇందులో ఏ గింజా సంపూర్ణం కాదు. ఒకదాని లోటును ఇంకొకటి పూడుస్తుంది. ఈ కూర్పు చూసే నేను ముగ్ధుణ్ణయ్యాను.

లెక్క చూడండి. గుడ్డు పెట్టే తెల్లకోడి రోజుకు సుమారు 110 గ్రాముల మేత తింటుంది. మన గుప్పిట్లో పట్టేంత. అందులో మాంసకృత్తులు 17 శాతం వరకు, అంటే 18, 19 గ్రాములు. కాల్షియం దగ్గర దగ్గర 4 గ్రాములు. శక్తి 280 కిలో కేలరీల పైచిలుకు. దీనితో ఒళ్లు నిలుపుకుని, ఈకలు నిలుపుకుని, ఎండకూ వానకూ తట్టుకుని, మర్నాడు పొద్దున్నకి 55 గ్రాముల గుడ్డు చేతిలో పెడుతుంది. అందులో ఆరు గ్రాముల పైన మాంసకృత్తులు. తిన్న మాంసకృత్తుల్లో మూడో వంతు తిరిగి ఇచ్చేస్తోందన్నమాట. పాడిగేదె కూడా ఇంత ఉదారంగా ఇవ్వదు.

మెట్ట మొక్కజొన్నతో మొదలుపెడదాం, మేతలో సగానికి పైగా అదే కాబట్టి. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం వైపు రబీలో పండే మొక్కజొన్న వేసవి మొదట్లో కళ్లాల మీద పరుచుకుంటే ఆ పసుపుకి కళ్లు చెదురుతాయి. కొనేవాళ్లు దాన్ని చూసే తీరులోనే పెద్ద శిల్పం ఉంది. ముందు బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చుతారు. లోపల చల్లగా ఉంటే సరే, వెచ్చగా తగిలితే తేమ ఉందని, బూజు దారిలో ఉందని అర్థం. తరవాత నాలుగు గింజలు పంటికింద వేసుకుంటారు. టక్కున విరగాలి, మెత్తగా నలగకూడదు. పిడికెడు పైకి ఎగరేసి పట్టుకుంటే చప్పుడు పొడిగా రావాలి. తేమ 14 శాతం దాటితే అఫ్లటాక్సిన్ భయం. మాయిశ్చర్ మీటర్లు వచ్చాయి గానీ చెయ్యి దూర్చడం మానినవాళ్లను నేనైతే చూడలేదు.

మొక్కజొన్న ఇచ్చేది ముఖ్యంగా శక్తి, కిలోకు 3,300 కిలో కేలరీల దరిదాపు. మాంసకృత్తులు తొమ్మిది శాతం లోపే, అందులోనూ లైసిన్ బహు తక్కువ. అయితే దాని అసలు అందం పచ్చసొనలో బయటపడుతుంది. లూటీన్, జియాజాంథిన్ అనే రెండు పసుపు వర్ణకాలను కోడి తనంతట తాను తయారుచేసుకోలేదు. మొక్కజొన్న నుంచి తీసుకుని పచ్చసొనలో దాస్తుంది. ఆ గుడ్డు తిన్న మనిషిలో అవే వర్ణకాలు కంటి రెటీనా నడుమ ఉన్న పచ్చమచ్చలో చేరతాయి. కామవరపుకోట చేలోని పసుపు కలకత్తాలో ఎవరి కంట్లోనో చేరుతోందంటే అలంకారం కోసం అనడం లేదు, జీవరసాయనం చెప్పే మాటే అది.

నూక కథ దీనికి సరిగ్గా ఎదురు. 1982లో మార్టేరు పరిశోధన కేంద్రం విడుదల చేసిన ఎంటీయూ 7029ని జనం స్వర్ణ అని పిలుచుకున్నారు. ఆ రకం, దాని తరవాత వచ్చిన మార్టేరు రకాలు ఈ డెల్టా మిల్లుల్ని నింపాయి. మిల్లులో విరిగిన బియ్యమే నూక. శక్తిలో మొక్కజొన్నకు తీసిపోదు, పీచు తక్కువ, అరుగుదల బ్రహ్మాండం, బూజు భయమూ తక్కువే. కానీ తెల్లది. నూక ఎక్కువ పెట్టిన ఫారం గుడ్డు పగలగొడితే పచ్చసొన వెలవెలబోతుంది. పోషకంలో పెద్ద లోటేమీ లేకపోయినా పెనం మీద ఆ పాలిపోయిన సొన చూస్తే మనసు ఒప్పదు. ఈమధ్య మొక్కజొన్న ఇథనాల్ డిస్టిలరీలకు మళ్లి ధర ఎక్కేసరికి నూక వాడకం పెరిగింది. రంగు నిలబెట్టడానికి బంతిపూల సారం కలుపుతున్నారు. ఇది మోసమని కొందరి మాట. నేనలా అనుకోను. బంతిరేకులో ఉన్నది కూడా అదే లూటీన్. పండగనాడు గుమ్మానికి కట్టే పువ్వు పచ్చసొనలోకి దిగితే ఎవరికేం నష్టం?

ఇక్కడిదాకా శక్తి సంగతే. కండ కట్టడానికి సోయా చెక్క కావాలి. ఇది ఊరి సరుకు కాదు. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ నుంచి, తెలంగాణలో ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు నుంచి వస్తుంది. నూనె తీసేశాక మిగిలిన చెక్కలో 45 శాతం అటూ ఇటూగా మాంసకృత్తులు. మొక్కజొన్నలో కరువైన లైసిన్ ఇందులో దండిగా ఉంది. రెండూ కలిసినప్పుడు ఆ జోడీ చూడముచ్చటగా ఉంటుంది. అయితే సోయాగింజ పచ్చిగా పనికిరాదు. కోడి పేగులో మాంసకృత్తుల అరుగుదలను అడ్డుకునే ట్రిప్సిన్ నిరోధకాలు అందులో ఉన్నాయి. వేడి తగిలితేనే అవి చస్తాయి. ఆ వేడి పాళం చూడ్డంలో గొప్ప నేర్పుంది. చెక్క మరీ తెల్లగా పాలిపోయి ఉంటే వేడి చాలలేదని అర్థం, నిరోధకాలు బతికే ఉన్నాయి. ముదురు గోధుమ రంగు తిరిగితే వేడి మించిందని అర్థం, లైసిన్ మాడిపోయింది. లేత బంగారు రంగు రావాలి. ఆ రంగు ఎరిగిన మేత మేస్త్రీలు కాగితం మీది విశ్లేషణ కంటే ముందు గుప్పెడు చెక్క తీసి ఎండలో పెట్టి చూస్తారు. 2021లో సోయా చెక్క కిలో వంద రూపాయల దరిదాపుకి ఎగబాకి, కేంద్రం 12 లక్షల టన్నుల దిగుమతికి అనుమతి ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఈ పరాయి గింజ మీద మనమెంత ఆధారపడ్డామో తెలిసొచ్చింది.

మొక్కజొన్న, సోయా రెండూ కలిశాక కూడా ఒక లోటు మిగిలే ఉంటుంది: మిథియోనిన్. గంధకం ఉన్న అమైనో ఆమ్లం ఇది. కోడికి ఈకలు కట్టుకోవడానికి గంధకమున్న అమైనో ఆమ్లాలు దండిగా కావాలి కాబట్టి దీని అవసరం మనిషికంటే కోడికి ఎక్కువ. ఇది తగ్గిన మందలో కోళ్లు ఒకదాని ఈకలు ఒకటి పొడిచి పీక్కునే ప్రమాదం ఉంది. ఈకలు పీకడంలో కోళ్లు మా విమర్శకుల్ని మించిపోతాయి, కాకపోతే వాటికి ఆకలి అనే కారణం ఉంది. టన్ను మేతకు కిలో, రెండు కిలోల మిథియోనిన్ పొడి కలిపితే సరిపోతుంది. తెల్లటి పొడి, ముక్కు దగ్గర పెడితే సన్నగా గంధకం కంపు. మేత మొత్తంలో బహు కొద్దిగా పడేది, అన్నిటికన్నా అసహ్యంగా వాసన వేసేది ఇదే. అది లేకపోతే మిగిలిన సరుకంతా సగం వృథా.

ఇక్కడ సోయాకు ఒక దూరపు చుట్టం గురించి చెప్పాలి. ఆ చుట్టం పేరు లూపిన్. మధ్యధరా తీరాల్లోనూ ఆండీస్ కొండల్లోనూ వేల ఏళ్లుగా తింటున్న అపరం. ఇటలీలో ఉప్పునీళ్లలో నానబెట్టి చిరుతిండిగా నములుతారు. ఆండీస్ రైతులు ఉడికించి, రోజుల తరబడి పారేనీళ్లలో ఉంచి, చేదు వదిలాకగానీ తినరు. ఆ చేదు ఆల్కలాయిడ్లది, ఎక్కువైతే విషం కూడా. చేదు లేని మొక్క ఎక్కడో ఒకటి ఉండి తీరాలన్న పట్టుదలతో 1920ల చివర జర్మనీలో రైన్‌హోల్డ్ ఫాన్ సెంగ్‌బుష్ అనే శాస్త్రవేత్త లెక్కలేనన్ని మొక్కల్ని పరీక్షించి తియ్య లూపిన్‌ను పట్టాడు. తరవాత పశ్చిమ ఆస్ట్రేలియాలో జాన్ గ్లాడ్‌స్టోన్స్ సన్నాకు లూపిన్‌ను పొలానికి అలవాటు చేసి, 1967లో యూనివైట్ అనే రకం ఇచ్చాడు. ఇవాళ అక్కడి ఇసుక నేలల్లో గోధుమ తరవాత వంతు పంటగా పండేది అదే, పశువులకూ పందులకూ కోళ్లకూ మేతగా పోయేదీ అదే.

కోడి మేతగా లూపిన్‌ని రసదృష్టితో చూస్తే ముచ్చటేస్తుంది, జాలీ వేస్తుంది. మాంసకృత్తులు 30 నుంచి 35 శాతం. తెల్ల లూపిన్‌లో ఇంకా పైనే. సోయాకున్నంత ట్రిప్సిన్ నిరోధకాల బెడద లేదు కాబట్టి వేయించనక్కర్లేదు, పచ్చిగానే ఆడించి కలపొచ్చు. ఇది చిన్న సుగుణం కాదు. కానీ పిండిపదార్థం దాదాపు శూన్యం. దాని బదులు కోడి అరిగించుకోలేని పీచు చక్కెరలు ఉంటాయి. అవి పేగులో నీళ్లు పట్టి రెట్టను జిగటగా, పలచగా చేస్తాయి. పైగా మిథియోనిన్ సోయాలో కంటే కూడా తక్కువ. అందుకే లూపిన్‌ని పదోవంతు వరకు ధైర్యంగా వేస్తారు, ఆ పైన వెనకాడతారు. చేదును పోగొట్టుకున్నా గర్వం పోగొట్టుకోని గింజ ఇది. మన కొల్లేటి నల్లరేగడికి అసలు సరిపడదు. తేమ నిలిచే బరువు నేలంటే దానికి గిట్టదు, సున్నం నేలంటే అసలే పడదు. వరి కోశాక మన మాగాణిలో మినుము ఉంది, అది మనకు చాలు. అయినా కోడి మేతలో అపరం పాత్ర ఏమిటో ఒక్కచోట తెలుసుకోవాలంటే లూపిన్ చరిత్ర చదవాలి. కండ పుష్టి ఇచ్చే గింజ ఏదైనా ఏదో ఒక అడ్డంకిని తనలో దాచుకునే వస్తుంది. సోయా అయితే నిరోధకం, లూపిన్ అయితే చేదు, జిగట. మనిషి నేర్పంతా ఆ అడ్డు తొలగించడంలోనే ఉంది.

తవుడు దగ్గరకొస్తే మళ్లీ ఊరికి వచ్చినట్టే. పచ్చి తవుడులో 15 నుంచి 20 శాతం దాకా నూనె. బియ్యం పొట్టుతీసిన క్షణం నుంచీ అందులోని లైపేజ్ ఆ నూనెను విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. రెండు మూడు రోజుల్లో మక్కిన వాసన. ఉప్పుడు బియ్యం మిల్లు తవుడుకి ఆ జబ్బు లేదు, ఆవిరిలో లైపేజ్ ముందే చచ్చింది. నూనె మిల్లుల్లో నూనె పిండుకున్నాక మిగిలేదాన్ని ఇక్కడ డీఓబీ అంటారు. మాంసకృత్తులు 15 శాతం దాకా, భాస్వరం దండిగా. ఆ భాస్వరంలో చాలాభాగం ఫైటేట్ రూపంలో బిగుసుకుని ఉంటుంది, కోడికి అందదు. ఫైటేజ్ ఎంజైమ్ చిటికెడు కలిపితే ఆ ముడి విడుతుంది.

డీఓబీకి కోడితో పాటు ఇంకో పోటీదారు ఉన్నాడు, చేప. కైకలూరు, ఆకివీడు చుట్టుపక్కల చెరువుల్లో పొద్దున్నే చూడాలి. బస్తాల అడుగున చిల్లులు పెట్టి, డీఓబీ నింపి, నీళ్లలో వరుసగా పాతిన కర్రలకు వేలాడదీస్తారు. బొచ్చె, శీలావతి వచ్చి మూతితో పొడుచుకుంటూ ఆ చిల్లుల్లోంచి తింటాయి. బస్తా తేలికై ఊగడం మొదలుపెడితే మేత అయిపోయిందని గుర్తు. ఒకే తవుడును ఒడ్డు మీద ముక్కు తింటోంది, నీళ్లలో మూతి తింటోంది. తిండి పెట్టే పద్ధతుల్లో ఇంత తెలివైనది, ఇంత చూడచక్కనిది నాకు ఇంకోటి తెలియదు.

చేప గురించి క్లుప్తంగా. ఎండు చేపలో మాంసకృత్తులతో పాటు మిథియోనిన్, భాస్వరం, కాల్షియం అన్నీ ఉన్నాయి. రుచికి ఇది గొప్ప దినుసు, నమ్మకానికి మాత్రం పరమ బలహీనం. ఇసుక, ఉప్పు కలిసి రావడం మామూలు. పాత మేస్త్రీలు గాజు గ్లాసు నీళ్లలో ఓ చెంచా పొడి వేసి తిప్పి వదులుతారు. అడుక్కి దిగిన ఇసుక మందాన్ని చూసి ధర చెబుతారు. వేసింది ఎక్కువైనా చిక్కే. గుడ్డుకు నీచు వాసన పడుతుంది. చాలా ఫారాలు దీన్ని మానేశాయి. నాకు కొంచెం బెంగగానే ఉంది గానీ, వాళ్లను తప్పు పట్టను.

అసలు మహత్తు గుల్లలో ఉంది. మేతలో ఎనిమిది, పది శాతం ఇదే, సముద్రపు ఒడ్డు గుల్ల ముక్కలు, సున్నపురాయి గ్రిట్. తినే వస్తువుగా చూస్తే దీనికి రుచి లేదు, వాసన లేదు, శక్తి లేదు, మాంసకృత్తులు లేవు. అయినా మధ్యాహ్నం దాటాక కోడి దీనికోసమే వెతుక్కుంటుంది. మేతను కెలికి మరీ తెల్ల ముక్కల్ని ఏరుకుంటుంది. ఆ కోరిక వెనక కారణం ఉంది. పొద్దున గుడ్డు పెట్టిన అరగంటకే ఇంకో పచ్చసొన అండాశయం నుంచి విడుదలవుతుంది. దానిచుట్టూ తెల్లసొన పేరుకుని, పలచటి పొరలు రెండు కమ్ముకుని, మధ్యాహ్నం దాటేసరికి గర్భాశయానికి చేరుతుంది. అక్కడ రాత్రంతా కలుపుకుని సుమారు 20 గంటలపాటు పెంకు కట్టే పని. ఒక పెంకుకి కావాల్సిన కాల్షియం రెండు గ్రాములు. కోడి ఒంట్లోని రక్తం మొత్తంలో ఏ క్షణాన చూసినా ఉండేది 25, 30 మిల్లీగ్రాములే. అంటే ఆ రక్తంలోని కాల్షియమంతా దాదాపు పావుగంటకోసారి పెంకులోకి జారిపోతూ, మళ్లీ కొత్తగా నిండుతూ ఉండాలి.

చీకట్లో కోడి తినదు. మరి ఆ కాల్షియం ఎక్కణ్ణుంచి వస్తుంది? రెండు చోట్ల నుంచి. ఒకటి కందనకాయ. పొడిగా ఉన్న సున్నం సాయంత్రానికే కరిగి పోతుంది గానీ, రెండు మూడు మిల్లీమీటర్ల గుల్ల ముక్కలు కందనకాయలో చిక్కుకుని రాత్రంతా నెమ్మదిగా కరుగుతాయి. అందుకే గుల్లను మరీ మెత్తగా ఆడించకూడదు. రెండోది కోడి ఎముకలే. గుడ్లు పెట్టే పక్షుల పొడుగు ఎముకల గుల్లల్లో, ఇంకెవరికీ లేని ఒక తాత్కాలికపు ఎముక పెరుగుతుంది. పగలు నింపుకుంటుంది, రాత్రి ఇచ్చేస్తుంది. మేతలో గుల్ల తగ్గితే ఆ రాత్రి కోడి తన ఒంటినే కరిగించి పెంకు కడుతుంది. ముందుగా మనకు కనబడేది పలచటి పెంకు. అప్పటికే కోడి చాలా ఇచ్చేసి ఉంటుంది. ఇందులో కరుణరసం ఉందని ఎవరికైనా ఒప్పించాల్సిన అవసరముందా?

కరుణకు ఋతువు కూడా ఉంది. రోహిణి కార్తెలో ఏలూరు ఎండకు కోడి నోరు తెరిచి రొప్పుతుంది. దానికి చెమట పట్టదు మరి. రొప్పేకొద్దీ ఒంట్లోని బొగ్గుపులుసు వాయువు పోయి, రక్తంలో బైకార్బొనేట్ పడిపోతుంది. పెంకులో ఉండేది కాల్షియం కార్బొనేట్ కాబట్టి, గుల్ల కడుపునిండా ఉన్నా పెంకు పలచబడుతుంది. దానికి తోడు ఎండలో మేత ముట్టదు. అందుకే తెల్లవారుజామునా చల్లబడ్డాకా మేత పోస్తారు, షెడ్డు కప్పు మీద కొబ్బరాకు పరిచి నీళ్లు చిమ్ముతారు, మేతలో సోడా ఉప్పు కలుపుతారు. వంటింట్లో ఇడ్లీకి వేసే సోడాయే అది.

ఇంతకీ ఈ కావ్యానికి పాఠకురాలు ఎలాంటిదంటారా? నాలుక లెక్కన చూస్తే కోడి బీదది. రుచిమొగ్గలు కొన్ని వందలే, తీపి అసలు తెలియదు. కళ్ల లెక్కన చూస్తే మనకంటే ధనికురాలు. మనకు కనబడని అతినీలలోహిత కాంతి కూడా దానికి కనబడుతుంది. ముక్కు కొసన స్పర్శ తెలిపే నాడులు దండిగా ఉన్నాయి. కోడి మేతను ముందు కంటితో చదివి, ముక్కుతో తడిమి, ఆ తరవాతే మింగుతుంది. గింజ పలుకుగా ఉంటే ఇష్టం, పిండి పిండిగా ఉంటే తొట్టి అడుగున వదిలేస్తుంది. ఆ వదిలేసిన పొడిలోనే మిథియోనిన్, ఖనిజాలు, విటమిన్లు ఉంటాయి, అదే తంటా. మొక్కజొన్నను మరీ మెత్తగా కాక పలుకుగా ఆడించాలి, అలాగని పెద్ద పలుకుల్నే ఏరుకుతినే వీలూ ఇవ్వకూడదు. హ్యామర్ మిల్లులో వేసే జల్లెడ సైజు ఎంచుకోవడం ఛందస్సు ఎంచుకోవడం కంటే తేలికేమీ కాదు.

సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల పందెం కోళ్ల వైభవం మీకు తెలుసు. బాదం పప్పులు, మటన్ కీమా, ఉడికించిన గుడ్లు, గంట్లు, చోళ్లు. చట్టం ఒప్పుకోని ఆటకు ఇంత విందు. దాన్ని గురించి పాటలొచ్చాయి, సినిమాలొచ్చాయి. ఏడాదికి మూడొందల పైన గుడ్లు పెట్టే తెల్లపెట్టకు ఒక పద్యం కూడా దక్కలేదు. పందెం కోడి మేతలో ఆడంబరం ఉంది, లేయర్ మేతలో ఔచిత్యం ఉంది. కావ్యానికి ఔచిత్యమే ప్రాణమన్న క్షేమేంద్రుడు చూస్తే దేనివైపు మొగ్గేవాడో నాకు అనుమానం లేదు.

ఈ ఔచిత్యం ఒక్కరోజులో రాలేదు. 1971లో బండా వాసుదేవరావు వెంకటేశ్వర హ్యాచరీస్ పెట్టి, తరవాత బీవీ-300 తెల్లకోడిని ఊరూరికీ చేర్చాడు. 1982లో ఆయన చొరవతోనే గుడ్డు ధరకు ఒక పద్ధతి తేవడానికి జాతీయ గుడ్ల సమన్వయ సంఘం (నెక్) ఏర్పడింది. పెరటికోడి పురుగూ పుట్రా ఏరుకుని తన లోట్లు తాను పూడ్చుకునేది. హైబ్రిడ్ కోడి పంజరంలో ఉంది, దానికి ఆ వీలు లేదు. తొట్టిలో మనం మరిచిపోయిన దినుసును అది ఇంకెక్కడా వెతుక్కోలేదు. మేత శాస్త్రం ఇంత పదునెక్కడానికి ఆ నిస్సహాయతే కారణం. పంజరపు ఇరుకును ఈ మెచ్చుకోలు కింద దాచలేను. కోడి ఇల్లు కూడా మేతంత శ్రద్ధగా కట్టి ఉంటే ఈ వ్యాసం ఇంకా సంతోషంగా రాసేవాణ్ణి.

కొల్లేటి సంగతీ అంతే. కోడి పెంట చెరువుల్లో ఎరువుగా పడి, దాని మీద నాచు పెరిగి, నాచు మీద చేప పెరుగుతుంది. చుట్టు తిరిగే ఈ గొలుసు కాగితం మీద అద్భుతం. కానీ చెరువు కట్టలు సరస్సును మింగేసి, 2006లో వాటిని పగలగొట్టాల్సి వచ్చింది. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందిన నీళ్లలోకి ఎరువు మితిమీరి దిగితే, ఆటపాకలో గూడబాతులు తినే చేపకు ఊపిరి ఆడదు. పాళం తప్పితే సోయా మాడినట్టే సరస్సూ మాడుతుంది.

తీర్పు చెప్పమంటే ఇదీ నా మాట. మెట్ట మొక్కజొన్న సగం, మొక్కజొన్న ప్రియమైన ఏడాది దానికి తోడు డెల్టా నూక, లేత బంగారు రంగు సోయా చెక్క, ఉప్పుడు మిల్లు డీఓబీ, చిటికెడు గంధకపు పొడి, సాయంత్రానికి పలుకు గుల్ల. గోదావరి జిల్లాల లేయర్ మేతకు ఇంతకు మించిన కూర్పు నాకు తెలియదు. లూపిన్ ఓడలో వచ్చి తక్కువకు దొరికితే పదోవంతు వేసి చూడొచ్చు, అంతకు మించి అక్కర్లేదు.

తాడేపల్లిగూడెం, తణుకు, ఏలూరు ఫారం రైతులకు ఒక్క మనవి. ట్రే మీద కంపెనీ పేరు, బొమ్మ అచ్చువేయిస్తున్నారు. ఆ పక్కనే ఈ కోడి ఏం తిన్నదో కూడా నాలుగు ముక్కల్లో అచ్చువేయించండి. మొక్కజొన్న ఏ మండలానిది, గుల్ల ఎక్కడిది, రంగుకు బంతిపూలు కలిపారా లేదా. తినేవాళ్లకు అది తెలియాలి.